తూదా బట్టీ వార్తలు

మా కొండ ఊరు తమరూత్‌లో రొట్టెల బట్టీ ఒక్కటే. భర్త పోయినప్పటి నుంచి ముప్పై ఏళ్ళుగా దాన్ని తూదాయే నడుపుతోంది. ఆడవాళ్ళు పిండి ముద్దలు పలక మీద పెట్టుకొస్తారు. ఎవరి ముద్ద మీద వాళ్ళ గుర్తు. ఫద్మాది మూడు వేళ్ళ నొక్కు.

ఐదేళ్ళ కిందట తూదా ఫోన్ కొన్నది. చదువు రాదు. ఏ మలుపులో రాళ్ళు పడ్డాయో, సంతకి బండి వస్తుందో రాదో ఫేస్‌బుక్‌లో గొంతుతోనే చెప్పేది. తాను చూస్తేనే చెప్పేది, లేదా చూసినవాళ్ళు ఇద్దరు చెబితేనే. లోయలో డ్రైవర్లు ఆమె మాట విన్నాకే బండి తీసేవాళ్ళు.

భూకంపం తెల్లవారకముందే వచ్చింది. మేం చేతులతో తవ్వాం. మధ్యాహ్నానికి సైనికుల దళం చేరింది. వాళ్ళ వెనక టీవీ కారు. విలేకరి నౌఫల్ నగరంవాడు, మర్యాదస్తుడు. మా ఊరి పెద్ద మొఖద్దం చెప్పిన పేర్లు రాసుకుని కెమెరా ముందు నిలబడ్డాడు.

"తమరూత్‌లో శిథిలాల కింద ఇక ఎవరూ లేరు."

దళం పారలు సర్దడం మొదలుపెట్టింది. పై ఊరు ఎదురుచూస్తోంది.

తూదా అతని దగ్గరికి నడిచింది.

"ఆ మాట నీకెవరు చెప్పారు నాయనా?"

"మొఖద్దం గారు, లల్లా. ఇంటింటికీ వెళ్ళి అడిగారట." పెద్దావిడల్ని మేం పిలిచినట్టే ఆమెని లల్లా అన్నాడు.

"అడిగితే చెప్తారా? ఇంట్లో ఎంతమందంటే దిష్టి తగులుతుందని 'దేవుడి దయ, ఉన్నాం' అంటారు. మేం మనుషుల్ని లెక్కపెట్టం. రొట్టెల్ని పెడతాం."

మొఖద్దం నొచ్చుకున్నాడు. "తూదా, నీ బట్టీ కూలింది గానీ నోరు కూలలేదే!"

"కూలితే నీకు హాయి. ఫద్మా ఇంట్లో ఎంతమందని రాయించావు?"

"ఫద్మా, వాళ్ళత్త. ఇద్దర్నీ తీశాం కదా. స్పృహ లేకుండానే ఆసుపత్రికి పోయారు. మొగుడు దూరాన చేపల పడవ మీద పనిలో ఉన్నాడు."

"రోజూ నాలుగు రొట్టెలు తెస్తుంది. నిన్న ఆరు తెచ్చింది. రెండిటి మీద చుట్టాలకి పూసినట్టు గుడ్డు సొన పూసింది. అత్తకి గుడ్డు పూసే కోడలా అది?"



"అయితే లోపల ఒకరున్నారని మీరే చెప్పండి, లల్లా," అన్నాడు నౌఫల్. "అందరూ వింటారు."

"నేను చూడలేదు. చూసింది రొట్టెల్ని. అంతవరకే చెప్తాను. నువ్వు 'లేరు' అన్నావు. నీకు తెలియదు. 'తెలియదు' అను."

 అతను కెమెరా తిప్పించి, ఇందాక తొందరపడ్డానని చెప్పాడు. ఆమె ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"తమరూత్ నుంచి తూదాని. నిన్న మా ఊరికి చుట్టపుచూపుగా ఎవరైనా వచ్చారా? తెలిసినవాళ్ళు చెప్పండి."

దళనాయకుడు గడియారం చూశాడు. "పావుగంట. అంతే, అమ్మా. పైన కూడా మనుషులే."

"నిజమే," అంది తూదా.

ఎనిమిది నిమిషాలకి కింది ఊరి కంచరగాడిదలవాడు ఫోన్ చేశాడు. నిన్న ఫద్మా గుమ్మం ముందు ఇజ్జాని దించింది తనేనన్నాడు. ఇజ్జా ఫద్మా పినతల్లి కూతురు. ఆ వెంటనే ఇజ్జా తల్లి చేసింది.

"నా పిల్ల అక్కడే ఉంది లల్లా. ఎవరూ లేరని టీవీలో చెప్పారు. అంటే చచ్చిపోయిందనేగా?"

"కాదు. వెతకలేదని. ఇప్పుడు వెతుకుతారు. ఫోన్ పెట్టెయ్యకు."

పారలు మళ్ళీ దిగాయి. మేకల కొట్టం పక్క గదిలో, దూలం కింద ఇజ్జా దొరికింది. కుడి చెయ్యి విరిగింది. ఒళ్ళంతా మట్టి.

నౌఫల్ మైకు చాచాడు. "లల్లా, మీకేమనిపిస్తోంది?"

"నాదేముంది? పక్కకి జరుగు."

తూదా ఫోన్‌ని ఇజ్జా నోటి దగ్గర పెట్టింది. ఇజ్జా మాట్లాడలేకపోయింది. దగ్గింది. అవతల తల్లి, మరొక్కసారి దగ్గమంది.