వదిన నోట మల్లె మాట

పోయిన వారం ఒక సాయంత్రం, తమిళనాడులో మదురై పక్కనున్న తిరుమంగళంలోని మా ఇంటి అరుగు మీద మా అన్న మనవరాలు ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కామన్ నౌన్లు ఒక పక్క, ప్రాపర్ నౌన్లు ఇంకో పక్క రాస్తూ, పక్కనే చిక్కుళ్లు ఒలుస్తున్న మా వదినను ఒక పువ్వు పేరు చెప్పమంది. వదిన తల ఎత్తకుండానే "మల్లె" అంది. పాప రాసుకుని తరువాతి మాటకు వెళ్లిపోయింది. నేను మాత్రం చదువుతున్న పత్రిక దించేశాను, ఎందుకంటే ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుండి ఆ మాట ఆమె నోట నేను విననే లేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా వైపు తెలుగు ఇళ్లలో భార్య భర్త పేరు పలికేది కాదు. ఆ పేరులో ఏదైనా వస్తువు పేరు ఇమిడి ఉంటే దాన్నీ పలికేది కాదు. మా అన్న పేరులో మల్లె ఉంది. మదురై మల్లెలు బస్సెక్కి వచ్చే ఊళ్లో కాపురం, రోజూ జడలో మూరెడు పూలు, అయినా వదినకు అది "తెల్లపువ్వు" మాత్రమే. మా భాష మనిషే అయిన పూలమ్మే ఆమె గంప దించుతూనే ఆటపట్టించేది.

"ఏ తెల్లపువ్వు అక్కా, ముల్లంగి పువ్వా?"

"నీ కండ్లు ఏడ ఉండాయే? గంపలో చూసి ఇయ్యి!"

అప్పట్లో నాకు ఇంగ్లీషు మాస్టరు ఉద్యోగం కొత్త. పగలు వ్యాకరణం, సాయంత్రాలు హేతువాద సభలు. మదురైలో, తేనిలో, మైకు దొరికిన ప్రతిచోటా ఆడవాళ్ల నోటికి వేసిన తాళాల మీద నిప్పులు కక్కేవాణ్ణి. పెరియకుళంలో ఒక మామిడితోట రైతు నా ఉపన్యాసానికి మురిసిపోయి భోజనానికి తీసుకెళ్లి, భార్యను పేరుతో పిలిచి చూపిద్దామని నోరు తెరిచి, ఎన్నడూ పిలవని పేరు కావడంతో తడబడి, చివరికి "ఏమే" అనే పిలిచాడు. ఆ రోజు బస్సులో తిరుగుదారంతా నవ్వుకున్నాను.

ఇంటికి వచ్చాక అరుగు మీద వీధి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా నా గురి వదిన మీదే ఉండేది. కామన్ నౌన్ అందరిదీ, ప్రాపర్ నౌన్ ఒక్కరిది అని చెప్పి, మల్లె ఊరందరిదీ అయినప్పుడు దాన్ని అన్నకు రాసిచ్చిందెవరని గుమ్మంలో నిలబడిన ఆమెను నిలదీసేవాణ్ణి. ఆమెకు కోపం వచ్చేది కాదు.

"ఊరంతా పలుకుతా ఉండాది గదా తంబీ. నేనొకదాన్ని పలకకుంటే వాడిపోతుందా?"

లోపల అన్న దగ్గేవాడు. ఆ దగ్గులో కొంచెం గర్వం వినిపించేది. ఎప్పటికైనా ఆమె చేత ఆ మాట పలికించి తీరాలని నాకు పంతం పెరిగేది.

పోయిన ఏడు అన్న పోయాడు. లోపలి గదిలో ఆడవాళ్లు వదిన తలలోని పూలు తీసేస్తున్నప్పుడు నేను బయట పందిరి కింద వచ్చినవాళ్లకు కుర్చీలు వేయిస్తున్నాను. ఆ ఆచారాన్ని కడిగిపారేస్తూ నేను రాసిన వ్యాసాలు ఆ గది అలమరలోనే ఉన్నాయి. చావింట్లో గొడవెందుకని నాకు నేనే చెప్పుకుని ఇంకో వరుస కుర్చీలు వేయించాను.

ఇప్పుడు భర్త లేడు గనుక పేరుకు కాపలా అక్కరలేదు. పువ్వు పోయాక మాట వచ్చింది. ఇన్నేళ్లు నేను గెలవాలని పట్టుబట్టిన వాదం ఇలా గెలిచాను.

ఆ సాయంత్రమే ఉండబట్టలేక బజారుకు వెళ్లి అరిటాకులో పూలు కట్టించుకుని వచ్చి వదిన ముందు పెట్టి, పెట్టుకోమన్నాను. ఆమె పొట్లం విప్పి చాలాసేపు ఒళ్లో ఉంచుకుంది. తరువాత నా మొహంలోకి చూసింది.

"రేపు నీ బామ్మర్ది ఇంట పెండ్లి ఉండాది గదా. ఇవి పెట్టుకొనే వస్తాను. పందిట్లోకి నా పక్కన నడుస్తావా తంబీ?"

నా భార్య తరఫు పెద్దల మొహాలు, ముహూర్తం వేళ ఎవరో ఒకరు ఎత్తబోయే గొంతు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. "నడుస్తాను" అన్న చిన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఎదురుచూసింది, ఆ తరువాత ఎప్పటిలాగే నవ్వింది.

"నీకూ నోట రాని మాట ఒకటి ఉండాదే!"

పాపను దగ్గరికి లాక్కుని ఆ పూలన్నీ దాని జడలో పెట్టేసింది.

ఒకప్పుడు ఈ అరుగు మీద మల్లెల వాసన ఉండేది, వదిన నోట ఆ మాట ఉండేది కాదు. ఇప్పుడు ఆ మాట ఆమె కూడా అనవచ్చు; పూలమ్మే ఆమె మాత్రం మా గుమ్మం ముందు గంప దించకుండా వెళ్లిపోతుంది. వదిన ఆ మాట పలకకపోవడం అజ్ఞానమని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆమె దాచుకున్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేను దాచుకున్నది భయమని ఆమెకు తెలిసిపోయింది.

మరునాడు మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని వదిన ఇంట్లోనే ఉండిపోయింది. పెళ్లిలో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి పన్నీరు చల్లి, చేతిలో నాలుగు మల్లెలు పెట్టారు. ఎక్కడ పెట్టాలో తోచక, తాళి కట్టేదాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను.