పన్నెండు నిమిషాల లాగిన్

మా గనుల ఊరు కిరండూల్‌లో ఏ కంప్యూటర్ విప్పినా ముందు ఎర్ర పొడి రాలుతుంది. కొండ మీద తవ్వే ఇనుప రాయి ధూళి అది. మూసిన కిటికీల్లోంచి, మూసిన డబ్బాల్లోంచి కూడా లోపలికి వస్తుంది. నా సంచిలో ఎప్పుడూ నాలుగు వస్తువులుండేవి: ఒక బ్లోవర్, ఒక బ్రష్, రెండు కొనల స్క్రూడ్రైవర్, ఒక నోటుబుక్కు. నోటుబుక్కులో మా ఆఫీసు కంప్యూటర్లకు ఒక్కోదానికి ఒక పేజీ. పేజీకి మూడు గడులు: ఎప్పుడు శుభ్రం చేశాను, ఏది మార్చాను, ఏది మార్చాలి. మూడో గడిలో రాసి వదిలేసినవే ఎక్కువ.

మా నాన్న రైల్వేలో పనిచేశారు. శ్రీకాకుళం వైపు నుంచి ఖనిజం మోసే కేకే రైలు లైను మీద ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ ఇళ్లలో మాది ఒకటి. నేను డిప్లొమా చదివి వచ్చి గని ఆఫీసు కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో చేరాను. పర్మనెంటు కాదు, కాంట్రాక్టు.

ఆ వానాకాలం నెట్‌వర్క్ బాగా నెమ్మదించింది. గూడ్సు రైళ్లలో నింపిన ఖనిజం వివరాలు రైల్వేకి సమయానికి చేరడం లేదు. మా అధికారి భిలాయి వైపు మనిషి, హిందీ తప్ప మాట్లాడరు. నన్ను పిలిచి, ఎవరో ఆఫీసు కంప్యూటర్లలో ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారని అనుమానంగా ఉందన్నారు. మూడు రోజుల్లో లిస్టు కావాలన్నారు. పర్మనెంటు వాళ్లకు మెమో వెళ్తుంది. కాంట్రాక్టు వాళ్లకు గేట్ పాస్ రద్దవుతుంది. గేట్ పాస్ లేకపోతే గేటు దాటలేరు. గేటు దాటకపోతే ఉద్యోగం లేనట్టే.

"ముఝే లిస్ట్ చాహియే, కహానీ నహీ," అన్నారు. కథలు వద్దు, లిస్టు కావాలని. ఆ మాట నాకు నచ్చింది. నేనూ లిస్టుల మనిషినే.

పని ఇలా చేశాను. మొదట ప్రతి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితా తీశాను. అందులో ఇద్దరు దొరికారు, ఇద్దరూ సినిమాల కోసం పెట్టుకున్నవాళ్లే. కానీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసుకుని నడిపేవి ఆ జాబితాలో కనిపించవు. వాటి కోసం స్విచ్‌లు చూడాలి. కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు అవి. మామూలు ఆఫీసు కంప్యూటర్ రోజంతా నాలుగైదు చోట్లతోనే మాట్లాడుతుంది: మెయిలు, ప్రింటరు, హాజరు సర్వరు. ఫైళ్లు పంచుకునే కంప్యూటర్ ఒకేసారి వందల అపరిచిత చిరునామాలతో మాట్లాడుతుంది. పైగా అది తెచ్చుకునే దానికంటే బయటికి పంపేది ఎక్కువ. ఆఫీసులో ఎవరూ బయటికి అంత పంపరు.

మూడో రోజు ఉదయం అలాంటి కంప్యూటర్ ఒకటి కనిపించింది. కేబుల్ నంబరు పట్టుకుని చూస్తే టైమ్ ఆఫీసు తేలింది. కార్మికుల హాజరు చూసే గది అది. కిటికీ దగ్గర ఒక్కటే కంప్యూటర్. నా బల్ల దగ్గర్నుంచే అందులోకి వెళ్లి చూశాను. ప్రోగ్రాముకు ఎవరో ప్రింటర్ డ్రైవర్ అని పేరు మార్చి పెట్టారు. లాగిన్ ఎవరిదో చూశాను. అక్కది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. గొల్లపల్లి వైపు దోర్ల తెగ మనిషి. పక్క ఊరు బచేలిలో గది తీసుకుని ఉండేది, మొదటి బస్సుకు వచ్చి అందరికంటే ముందు టైమ్ ఆఫీసు తెరిచేది. డేటా ఎంట్రీ, కాంట్రాక్టు. ఊళ్లో తల్లీ ఇద్దరు చెల్లెళ్లూ ఈమె జీతం మీదే ఉన్నారు. గోండీ వాళ్లతో గోండీ, హల్బీ వాళ్లతో హల్బీ, నాతో వాళ్ల ఊరి యాస తెలుగు. కిటికీ ముందు వరుసలో ఎవరైనా తోసుకుంటే హిందీలో ఒక్క కేక వేసేది. అంతే, వరుస సర్దుకునేది.

నేను వెళ్లేసరికి ఆమె టిఫిన్ డబ్బా మూత పెడుతోంది. పక్క కుర్చీలో మావయ్య ఉన్నారు. ఆయన మా నాన్న స్నేహితుడు, మా ఊరి వైపు మనిషే, టైమ్ ఆఫీసులోనే సీనియర్ క్లర్కు. ఏడాదిలో రిటైర్మెంటు.

"ఏంది తమ్మీ, మళ్లీ దుమ్ము ఊదుతావా? నా పప్పుల పోయకు," అంది అక్క.

"దుమ్ము కాదక్కా. ఈ లాగిన్ నీదేనా?"

"నాదే. పొద్దున నేనే గద తెరిచేది. నువ్వే సెప్పినవు గద."

"ఇందులో ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. నువ్వు పెట్టావా?"

"అదేంది? నాకు హాజరు ఎక్కియ్యడం తప్ప ఏమొస్తది?" అని నవ్వి మావయ్య వైపు చూసింది. "సూడుర్రి పెద్దాయనా, నన్ను దొంగను జేస్తుండు."

మావయ్య రిజిస్టరులోంచి తల ఎత్తలేదు. నాకు అది వింతగా అనిపించలేదు. ఆయన లెక్కల్లో ఉంటే ఎప్పుడూ అంతే.

నేను ప్రోగ్రాము తీసేశాను. ఫోల్డరును రుజువు కోసం కాపీ చేసుకున్నాను, తెరిచి చూడలేదు. లిస్టులో అయిదు గడులు: గది, కంప్యూటర్ నంబరు, ప్రోగ్రాము, పేరు, వివరణ. పేరు గడిలో ఆమె పేరు రాశాను. వివరణలో 'లాగిన్ తనదేనని చెప్పారు' అని రాశాను. అది అబద్ధం కాదు. తనకు తెలియదన్న మాట రాయలేదు. తెలియదని అందరూ అంటారు, అందరిదీ రాస్తే అది లిస్టు కాదనుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర ఆమెను ఆపేశారు.

నేను అప్పుడే వస్తున్నాను. సన్నగా వాన. ఆమె టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని గేటు పక్క రేకు కింద నిలబడి ఉంది. సెక్యూరిటీ మనిషి పాస్ తీసుకుని రిజిస్టరులో పెట్టుకున్నాడు. ఆమె నన్ను పిలవలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"తమ్మీ, ఏమని రాసినవు?"

"ఉన్నదే రాశానక్కా," అన్నాను.

తల ఊపింది. తిరిగి వెళ్లే బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడింది. నేను గేటు దాటి లోపలికి వెళ్లాను. లోపలికి వెళ్లాక గానీ ఆమె ముందే అన్న మాట గుర్తు రాలేదు. నువ్వే చెప్పావు కదా అంది.

నిజమే, నేనే చెప్పాను. అంతకు ముందు ఏడాది టైమ్ ఆఫీసు కంప్యూటర్ హార్డ్‌డిస్కు పాడవుతూ వచ్చింది. ఒకరు లాగౌట్ చేసి మరొకరు లాగిన్ కావడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. గడియారం పెట్టి చూశాను. కిటికీ బయట షిఫ్టు మారే జనం వరుసలో నిలబడి గోల. డిస్కు మార్చడం నా పని. బదులుగా నేను ఒక ఉపాయం చెప్పాను: పొద్దున ముందు వచ్చినవాళ్లు లాగిన్ చేయండి, రాత్రి మూసేదాకా అందరూ అందులోనే పని చేసుకోండి. అప్పట్నుంచి మొదటి బస్సుకు వచ్చే అక్క పేరు మీదే ఆ గదిలో రోజంతా గడిచేది. నలుగురు చేసే పని ఒకరి పేరు మీద. ఈ సంగతి ఆఫీసులో అందరికంటే బాగా తెలిసినవాణ్ని నేనే. అయినా పేరు గడి దగ్గరికి వచ్చేసరికి లాగిన్ చూసి పేరు రాసేశాను.

నా బల్ల దగ్గర కూర్చుని కాపీ చేసిన ఫోల్డరు తెరిచాను. ఫైళ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. పాత పౌరాణిక నాటకాల పద్యాలు. రాయబారం పద్యాలు, కాటి సీను పద్యాలు, గుంటూరు వైపు ఒకరు పాడినవి, కాకినాడ వైపు ఒకరు పాడినవి.

అక్క తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆమె చదువంతా హిందీ మీడియం. వాళ్ల వైపు స్కూళ్లలో తెలుగు అక్షరాలు లేవు. ఆ గదిలో పనిచేసే నలుగురిలో తెలుగు చదవగలిగేది ఒక్కరే. నాకు ఆ అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. చిన్నప్పుడు టౌన్‌షిప్ హాల్లో ఆదివారాలు మా లాంటి రైల్వే పిల్లలను కూర్చోబెట్టి, బొగ్గు ముక్కతో నేల మీద రాయించేవారు.

ఇంకొకటి చూశాను. అందులో మొదటి ఫైలు దిగిన సమయం ఒక మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై. అదే రోజు గేటు హాజరు తీశాను. అక్క పదకొండు గంటల పది నిమిషాలకు బయటికి వెళ్లింది. తల్లిని దోర్నపాల్ ఆసుపత్రికి తెచ్చారని ఫోను వచ్చి, కంప్యూటర్ అలాగే వదిలి పరుగెత్తిన రోజు అది. ఆమెను లిస్టులోంచి తీయడానికి పనికొచ్చే కాగితం టైమ్ ఆఫీసులోనే ఉంది. లిస్టు రాసేముందు నేను దాన్ని అడగలేదు.

మావయ్యను క్యాంటీన్ వెనక కలిశాను. టీ గ్లాసు ఆయన చేతిలో చల్లారిపోయి ఉంది.

"మావయ్యా, ఆ పద్యాలు మీవేనా?"

గ్లాసు అటూ ఇటూ తిప్పారు. తర్వాత, "ఏట్రా, ఇన్నావా? ఎలా పాడాడో సూశావా?" అన్నారు. అన్నాక తనకే సిగ్గేసినట్టుంది, గ్లాసు కింద పెట్టారు.

ఆయన దగ్గరున్న క్యాసెట్లన్నీ ఇక్కడి చెమ్మకు బూజు పట్టి పోయాయట. మేనల్లుడు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, ఇది పెడితే దొరుకుతాయన్నాడట. నిజంగానే దొరికాయి. ఒక్క పద్యం ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడి మనుషుల దగ్గర్నుంచో వచ్చి చేరింది. దింపుకున్నాక ప్రోగ్రాము మూసేయొచ్చు. ఆయన మూయలేదు.

"నాకిచ్చినోళ్లు ఎవులో తెల్దు గదా. నాను కూడా ఇవ్వాలి గదేటి అనుకున్నాను. అది తప్పని తెల్దురా."

"ప్రింటర్ డ్రైవర్ అని పేరు మార్చారు మావయ్యా."

ఆయన కింద పెట్టిన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"నిన్న నేను అక్కను అడుగుతుంటే మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను. నోరు పెగల్లేదు." గేటు వైపు చూస్తూ, "ఇన్నేళ్లలో ఒక్క మెమో లేదురా నా ఫైల్లో. ఇంకో ఏడాది," అన్నారు.

"ఆమె పాస్ తీసేసుకున్నారు."

"తెలుసు. కిటికీలోంచి సూశాను." ముఖం తుడుచుకున్నారు. "నా పేరు రాస్తావా?"

"రాస్తాను."

"అయితే స్టాఫ్ నంబరు రాసుకో. పేరొక్కటే రాస్తే మళ్లీ ఇంకోడి మీదకి పోద్ది."

నోటుబుక్కు తీశాను. ఆయన ఒక్కొక్క అంకే ఆగి ఆగి చెప్పారు, చిన్నప్పుడు అక్షరాలు చెప్పినట్టే. రాశాక చదివి వినిపించమన్నారు. వినిపించాను.

కొత్త లిస్టులో రెండు మార్పులు చేశాను. టైమ్ ఆఫీసు వరుసలో అక్క పేరు తీసి మావయ్య పేరు పెట్టాను, గేటు హాజరు కాగితం జత చేశాను. చివర ఇంకో వరుస కలిపాను. అందరూ ఒకే లాగిన్ వాడమని సలహా ఇచ్చింది నేనే, పాడైన డిస్కు మార్చకుండా ఏడాది వదిలేసింది కూడా నేనే అని.

అధికారి టైమ్ ఆఫీసు వరుసను రెండుసార్లు చదివారు. పంపించేసిన లిస్టు మార్చడం ఆయనకు ఇష్టం లేదు. గేటు కాగితం చూసి మాత్రం ఒప్పుకున్నారు. ఆఖరి వరుస దగ్గర ఆగారు.

"యే క్యా హై?"

"మేరీ గల్తీ హై సర్," అన్నాను, తప్పు నాదని.

పెన్సిలు తీసి ఆ వరుస మీద గీత గీశారు. "కహా థా నా, కహానీ నహీ," అన్నారు, ముందే చెప్పానుగా అన్నట్టు, కోపంగా కూడా కాదు. అడిగింది ఎవరు సాఫ్ట్‌వేర్ పెట్టారని, నువ్వు పెట్టలేదు కదా అన్నారు. నేను ఇంకా ఏదో అనాల్సింది. నా కాంట్రాక్టు ఏటేటా ఆయన సంతకంతోనే పొడిగిస్తారు. సరే సర్ అన్నాను. నా వరుస లేని లిస్టే పైకి వెళ్లింది.

మావయ్యకు మెమో వచ్చింది. అక్క పాస్ తిరిగి రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆమె ఎక్కడుందో, ఇంట్లో ఏం చెప్పుకుందో నేను కనుక్కోలేదు. బచేలి పెద్ద ఊరేమీ కాదు, వెళ్లి అడగొచ్చు.

పదకొండో రోజు మొదటి బస్సుకే వచ్చిందట. నేను వెళ్లేసరికి టైమ్ ఆఫీసు కిటికీ ముందు వరుస చాలా పొడవుగా ఉంది. ఆమె సీటులోంచి లేచిన ప్రతిసారీ లాగౌట్ చేస్తోంది. నీళ్లకు వెళ్తే లాగౌట్, రిజిస్టరు తేవడానికి వెళ్తే లాగౌట్. మళ్లీ పన్నెండు నిమిషాలు. బయట జనం వానలో నిలబడ్డారు. ఎవరూ గోల చేయలేదు. ఏం జరిగిందో అప్పటికి అందరికీ తెలుసు. మావయ్య తన కుర్చీని గోడ వైపుకు జరుపుకుని కూర్చున్నారు.

స్టోరులోంచి కొత్త డిస్కు రాయించుకుని తెచ్చాను. ఆ కాగితం మీద సంతకం దొరకడానికి పట్టింది ఒక్క పూట. కంప్యూటర్ విప్పి, ఎర్ర పొడి ఊది, డిస్కు మార్చాను. ఆమె టిఫిన్ డబ్బా తనే తీసి దూరంగా పెట్టుకుంది. అంతా ఎక్కించాక, "ఇప్పుడు తెరువక్కా," అన్నాను.

తెరిచింది. అలవాటుగా చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూడబోయింది. అప్పటికే హాజరు తెర వచ్చేసింది. ఒక నిమిషం కూడా కాలేదు. ఆమె తెర వైపు కాసేపు చూసింది.

"ఇది ముందుగాలనే జేయొచ్చు గద సార్," అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నేను స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాను. ఆమె జవాబు కోసం ఆగలేదు. కిటికీ వైపు తిరిగి, ముందు నిలబడ్డ మనిషిని హిందీలో పేరడిగి, హాజరు ఎక్కించడం మొదలుపెట్టింది.