పాట అయ్యేదాకా ఆగని కత్తెర

మోతాయనకు లోకం మీదున్న కోపమంతా ఒక్క విషయం గురించే. ఎవరూ పాటను చివరిదాకా వినరు. క్షౌరశాల ఆయన సొంతం. రెండు కుర్చీలు, నిలువెత్తు అద్దం, అద్దం పక్కన పాత ఇంగ్లీషు రాక్ పాటలు మోగించే, ఆయన ప్రాణంతో సమానమైన పెద్ద స్పీకరు. ఆ స్పీకరు వల్లే వీధివాళ్లు ఆయనకు ఆ పేరు తగిలించారు. వచ్చినవాడి మెడకు గుడ్డ చుట్టి, తలను అటూ ఇటూ తిప్పి చూసి, "మీకు థిన్ లిజ్జీ బ్యాండు పడుతుంది" అని తేల్చేసేవాడు, డాక్టరు మందు రాసినట్టు. నాకేది పడుతుందని అడిగిన పాపాన ఇంతవరకు ఎవరూ పోలేదు.

గడ్డానికి నురగ పట్టించుకున్న మనిషి ఎక్కడికీ పారిపోలేడు. మోతాయనకు కలిసొచ్చింది అదొక్కటే. అయితే చెవులు అప్పగించి కూర్చోవడం వేరు, వినడం వేరు. ఒకడు ఫోనులో తల దూరుస్తాడు. ఇంకొకడు అంత హోరులోనూ హాయిగా గురక పెడతాడు. బస్సు కండక్టరు ఒకాయన మాత్రం వచ్చినప్పుడల్లా "బాగుందండీ" అనేవాడు. పొంగిపోయిన మోతాయన ఓరోజు "ఆ డ్రమ్స్ ఎలా ఉన్నాయంటారు?" అని అడిగాడు.

"ఏ డ్రమ్స్?" అన్నాడు కండక్టరు.

ఆ పూట మోతాయనకు అన్నం సయించలేదు.

పేరు మోసిన బ్యాండ్లంటే ఆయనకు గౌరవం లేక కాదు. డీప్ పర్పుల్ మాటెత్తితే చేతిలో దువ్వెన కింద పెట్టి మరీ మాట్లాడతాడు. కానీ మనసంతా జనం మరిచిపోయినవాళ్ల మీదే. ముగ్గురే ముగ్గురుండి ఇల్లెగిరిపోయేలా వాయించే బడ్జీ, రెండు గిటార్లను అక్కాచెల్లెళ్లలా మాట్లాడించే విష్‌బోన్ ఆష్. వాళ్లను ఎవరూ పట్టించుకోకపోతే, సొంత తమ్ముణ్ణి పెళ్లికి పిలవనంతగా ఉడికిపోతాడు.

అందరి సంగతీ ఒక ఎత్తు, కూతురి సంగతి ఒక ఎత్తు. పాలపళ్లు ఊడకముందు నుంచీ ఆ పిల్ల జుట్టు ఆయనే కత్తిరించేవాడు. కాలేజీలో చేరాక వీధి చివరి సెలూనుకు వెళ్లడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే, "అక్కడ ప్రశాంతంగా ఉంటుంది నాన్నా" అంది. ఆ మాట ముల్లులా దిగబడింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆమె ఫోనుకు ఒక పాట పంపసాగాడు. ఆమె దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆయనకు చిర్రెత్తుకొచ్చి మర్నాడు ఇంకా గట్టి మోత పంపేవాడు.

అలాంటి కూతురు ఒక మధ్యాహ్నం తనంతట తానే వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రేపు హోటల్లో ఇంటర్వ్యూ ఉంది నాన్నా, రిసెప్షన్ ఉద్యోగం. ఆ సెలూనువాళ్లు రంగులు వేయిస్తున్నారట, మూసేశారు. భుజాల దాకా ఉంచి చివర్లు సమం చెయ్యి చాలు."

ఈ ఒక్కసారి సరిగ్గా కుదిరితే ఇక ఎప్పుడూ ఈ కుర్చీకే వస్తుందనుకున్నాడు మోతాయన. అందుకే విష్‌బోన్ ఆష్ వాళ్లది, పది నిమిషాలు దాటే పాట పెట్టాడు. దాని ప్రాణమంతా ఆఖర్లోనే ఉంది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. చివర్లు సమం చేయడం అయిపోయింది, పాట ఇంకా సగమే అయింది. గుడ్డ విప్పితే లేచి వెళ్లిపోతుంది. అద్దంలో చూస్తే కూతురు కళ్లు మూసుకుని ఉంది, వేళ్లు కుర్చీ మీద సన్నగా తాళం వేస్తున్నాయి. వింటోంది. ఇన్నేళ్లకు ఒక మనిషి వింటోంది. ఇప్పుడెలా ఆపడం? ఎడమవైపు కాస్త ఎక్కువున్నట్టు అనిపించి కొంచెం తీశాడు. దానికి సరిపోయేలా కుడివైపు తీశాడు. మళ్లీ ఎడమవైపు. గిటార్లు రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పైకి వెళ్లాయి, కత్తెర కూడా వాటితోపాటే పైకి వెళ్లింది.

పాట ఆగింది. కూతురు కళ్లు తెరిచింది. జుట్టు చెవుల దగ్గర ఉంది.

"ఏంటిది నాన్నా?"

"పాట అప్పటికింకా అవ్వలేదమ్మా, అందుకని..." అన్నాడు. మంచి అబద్ధమేదీ తట్టక నిజమే చెప్పేశాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు ఈ తలతో వెళ్లాలా నేను? పాట అవ్వకపోతే ఇంటికెళ్లి వినేదాన్నిగా."

"వింటావా నువ్వు? రోజూ పంపుతూనే ఉన్నాను, గోడకు చెప్పుకున్నట్టు."

"అన్నీ విన్నాను. బస్సులో వెళ్తూ ఒక్కటి కూడా వదల్లేదు. ఏది నచ్చిందని నువ్వు ఒక్కరోజైనా అడిగావా?"

మోతాయన పక్క కుర్చీలో కూలబడ్డాడు. నిజమే, అడగలేదు. ఆ ఆలోచనే ఎన్నడూ రాలేదు. "ఏది నచ్చిందమ్మా?" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. "బడ్జీ వాళ్లది. మోతేమీ ఉండదు, గిటారు పట్టుకుని ఒకాయన మెల్లగా పాడతాడు. బుల్లి పాట. మనసు బాగోనప్పుడల్లా అదే పెట్టుకుంటాను."

అది ఆయన పంపాలని పంపింది కాదు. వేలు జారి వెళ్లింది.

"అది పాటే కాదమ్మా," మాట నోట్లోంచి వచ్చేసింది. "ఆల్బంలో రెండు అసలైన పాటల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి వేశారు. దాని తర్వాతది వినాలి నువ్వు. ఉండు, పెడతాను."

స్పీకరు వైపు తిరిగి గబగబా వెతికాడు. పాట దొరికింది, పెట్టాడు, వెనక్కి తిరిగాడు. గుడ్డ కుర్చీ మీద ఉంది. కూతురు తలకు చున్నీ చుట్టుకుంటూ అప్పటికే వీధి దాటుతోంది.

గుమ్మంలోకి పరిగెత్తి, ఆగమ్మా అని పిలిచాడు. ఆ హోరులో ఆ పిలుపు ఆయనకే వినిపించలేదు.