శ్యామలాంబ టీచరు రెండో గ్లాసు

గొర్రెలు కాసేవాళ్ళు కొండ ఎక్కుతారు. కట్టెలకు పోయేవాళ్ళు ఎక్కుతారు. మొక్కున్నవాళ్ళు ఎక్కుతారు. ఊరికే చూడ్డానికని, ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో క్యారేజీ పట్టుకుని కొండ ఎక్కేదెవరండీ? మా ఇంట్లో అద్దెకున్న శ్యామలాంబ టీచరు ఎక్కేది.

ఆవిడ పంధొమ్మిదివందల ఎనభై రెండులో మా ఊరి ఆడపిల్లల హైస్కూలుకు కుట్టు టీచరుగా వచ్చింది. పుట్టింది అమరావతిలో, అర్చకుల ఇంట. అమ్మానాన్నా పోయాక అన్నగారి పంచన వదిన మాటలు పడీపడీ, ఉద్యోగం రాగానే ట్రంకుపెట్టె పట్టుకుని దర్శి బస్సెక్కి వచ్చేసింది. నలభై దగ్గరపడ్డా పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడగనే అడిగాను, నా నోరు ఊరుకుంటేగా! "ఎవరూ అడగలేదండీ" అంది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

మాది మిరపా పత్తీ పండే నల్లరేగడి నేల. ఎటు చూసినా బల్లపరుపు. పడమట మాత్రం వరసగా కొండలున్నాయి. పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నాయి గనక మేమెవరం వాటివంక చూడం. శ్యామలాంబ టీచరు వచ్చిన నెలకే చూసింది. ఆదివారం తెల్లారితే చాలు, కాలికి బలపం కట్టుకున్నట్టే. గుర్రాలమెట్ట ఎక్కింది. జంటబండలెక్కింది. పేరు కూడా లేని గుట్టలెక్కింది. సాయంత్రం వచ్చి, నేను కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల్లో తాలుకాయలు ఏరుకుంటుంటే పక్కన చతికిలబడి చెప్పేది.

"సుబ్బరావమ్మగారూ, గుర్రాలమెట్ట వెనకాల బండలో దొన ఉందండీ. ఈ ఎండలకి కూడా నీళ్ళున్నాయి. అడుగున ఆకు కూడా కనిపిస్తుంది. మీరూ ఒకసారి రండి."

"కళ్ళం వదిలి ఎక్కడికి రానమ్మా!" అనేదాన్ని. స్కూల్లో తోటి టీచర్లనీ పిలిచింది. ఒకరికి పిల్లలు, ఒకరికి మోకాళ్ళు, ఒకరికి మొగుడు. ఒక్కరూ వెళ్ళలేదు. రెండేళ్ళు పిలిచి పిలిచి మానేసింది.

అప్పుడు మొదలైంది గొడవ. మా ఇంట్లో అంట్లు తోమే ఆదెమ్మ ఒక ఆదివారం సాయంత్రం ఆవిడ గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది.

"అమ్మా, పంతులమ్మ పొయ్యేది ఒక్కతే. గ్లాసులు రెండొస్తన్నాయి, పళ్ళేలు రెండొస్తన్నాయి. ఏందీ కత?"

"నీకెందుకే, తోము" అన్నానే గాని నా బుర్రలోనూ పురుగు తొలిచింది. ఆ వారంలోనే గొర్రెల అంకమ్మరావు వచ్చి మా ఆయన బుల్లయ్యతో అరుగు మీద కూచుని ఊరంతా వినబడేట్టు చెప్పాడు.

"నా చెవుల్తో ఇన్నానయ్యా. జంటబండల కాడ 'జాగ్రత్త, ఇక్కడ జారుతుంది' అంటా ఉంది ఎవుడితోనో. అంత ముద్దుగా మా ఆడది నాతో ఏనాడూ అన్లేదు!"

ఇక ఊరికి పండగే. నెల తిరక్కుండా ఆయనెవరో దర్శి డాక్టరని కొందరు, కాదు పిడుగురాళ్ళ సున్నం బట్టీల గుమాస్తా అని కొందరు. చివరికి మా ఆయన నా మీద ఎగిరాడు. "వాడెవడో తేల్చు. ఉన్నాడంటే మాత్రం పంతులమ్మ సామాను సోమవారం రోడ్డు మీద ఉంటది. మనింట్లో ఆడపిల్లలున్నారు!"

ఆదివారం నేను కళ్ళం ఆదెమ్మకు అప్పగించి ఆవిడ వెనకాలే బయల్దేరాను, కాస్త దూరంగా. ఓరి దేవుడో, అది నడకా! పత్తిచేలు దాటి, వాగు దాటి, రాళ్ళలో పడింది. నా ఒళ్ళేమో ఇంత. చెప్పు తెగింది. చెట్టుచెట్టుకీ ఆగి రొప్పుకుంటూ, ఆ మగాడు కనబడగానే ఏమేం తిట్టాలో కూడబలుక్కుంటూ ఎక్కాను. జంటబండలంటే ఒకదాని మీదికి ఒకటి వాలిన రెండు పెద్ద బండలు. మధ్యలో మనిషి పట్టే సందు. ఆ సందులోంచి వినబడింది ఆవిడ గొంతు.

"జాగ్రత్త. ఇక్కడ జారుతుంది."

గబగబా దూరబోయి సందులో ఇరుక్కున్నాను, అవతలికి బయటపడేసరికి చాలాసేపే పట్టింది. అవతల విశాలమైన రాతిచట్టు, దాని మీద శ్యామలాంబ టీచరు. ఇంకెవరూ లేరు. చట్టు అంచుకు పోయి తొంగిచూశాను, బండ చాటున చూశాను. బల్లులు తప్ప ప్రాణి లేదు. ఆవిడ ఎదురుగా రెండు పళ్ళేల్లో పులిహోర, రెండు గ్లాసుల్లో మజ్జిగ.

"ఎవరండీ ఆయన? ఎటు పోయాడు?" అన్నాను ఆయాసంతో.

ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది. "ఎవరూ లేరండీ."

"మరి ఆ రెండో గ్లాసు?"

ఆవిడ ఆ గ్లాసు వైపే చూస్తూ అంది. "ఒక్కటే తెచ్చుకుంటే ఒక్కదాన్నే వచ్చినట్టుంటుందండీ."

కూలబడ్డాను. ఆవిడ ఆ రెండో పళ్ళెం నా ముందుకు జరిపింది. తిన్నాను. అక్కణ్ణించి చూస్తే మా ఊరు గుప్పెడంత. చుట్టూ కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు, నేలంతా ఎర్రటి చాపలు పరిచినట్టు. అందులో మాది ఎక్కడుందో ఆవిడ వేలు పెట్టి చూపించింది. నా కళ్ళాన్ని నేను అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. ఒకసారి రండి, ఒకసారి రండి అని రెండేళ్ళు పిలిచింది దీనికే గదా.

"అమ్మయ్య, పోన్లెండి" అన్నాను చెయ్యి కడుక్కుంటూ. "ఇవాళే అందరి నోళ్ళూ మూయిస్తాను. ఎవరూ లేరని నడిబజార్లో నిలబడి చెబుతాను."

ఆవిడ ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. చెప్పకండి."

"మతి పోయిందా? ఉన్నాడంటే మా ఆయన గది ఖాళీ చేయిస్తాడు!"

"చేయించనివ్వండి. గది ఇంకోటి దొరుకుతుంది." "పదిహేనేళ్ళుగా ఎక్కడికి పోయినా నన్ను చూసి అయ్యోపాపం అనేవాళ్ళేనండీ. ఈ నెల్లాళ్ళుగా ఒక్కరూ అనలేదు. నేను రాగానే టీచర్లు మాటలాపి చూస్తున్నారు. ఈవిడకీ ఒకరున్నారా అని చూస్తున్నారు. తిట్టుకోనివ్వండి. ఎవరూ లేరని మాత్రం చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. పరువు పోగొట్టుకోవడానికి దణ్ణం పెట్టే మనిషిని ఏమనాలి? దారంతా తిడుతూనే దిగాను. ఆవిడ నా వెనకాలే, జారే చోటల్లా "జాగ్రత్త" అంటూ దిగింది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద మా ఆయన, అంకమ్మరావు. గుమ్మంలో ఆదెమ్మ. నా తెగిన చెప్పు చూసి మా ఆయన లేచాడు.

"ఏమైంది? ఉన్నాడా?"

వెనక్కి చూశాను. శ్యామలాంబ టీచరు గేటు దగ్గరే ఆగిపోయింది, క్యారేజీ గుండెలకు అదుముకుని. పరీక్ష ఫలితాలకు వచ్చిన పిల్లలా నా నోటివంకే చూస్తోంది.

"ఉన్నాడు" అన్నాను.

"చెప్పలా!" అని అంకమ్మరావు తొడ చరిచాడు. "ఎట్టుంటాడు?"

నా నోరు మొదలైతే ఆగుతుందా? "పొడుగ్గా ఉంటాడు. కళ్ళజోడు. మర్యాదస్తుడు. రాళ్ళలో ఆవిడ చెయ్యి వదలకుండా నడిపించాడు. మజ్జిగ ముందు ఆవిడకిచ్చి తర్వాత తను తాగాడు. మీరెవరైనా అలా ఒక్కనాడన్నా ఇచ్చారా మీ పెళ్ళాలకి?"

ఆదెమ్మ నోరు వెళ్ళబెట్టింది. మా ఆయన మొహం కందగడ్డయింది. "రేపే ఖాళీ!" అని అరిచాడు.

"అలాగేనండీ" అంది గేటు దగ్గర శ్యామలాంబ టీచరు. ఆవిడ బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. తల ఎత్తుకునే తన గదిలోకి వెళ్ళింది.

మర్నాడు నేను మా ఆయనతో ఎంత పోట్లాడినా లాభం లేకపోయింది. ఊరి పడమటి చివర ఉండే జుబేదా అనే ఆమె తన ఇంట్లో ఒక గది ఇస్తానంది. రిక్షాలో కాళ్ళ దగ్గర ట్రంకుపెట్టె పెట్టించాక ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంది. గొంతు బాగా తగ్గించింది.

"సుబ్బరావమ్మగారూ, ఆయనకి నిజంగా కళ్ళజోడు ఉందా?"

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వడం లేదు.

"ఉందమ్మా" అన్నాను. "సన్న ఫ్రేముది."

సరేనన్నట్టు తలూపి రిక్షా ఎక్కింది. సీటులో ఒక పక్కకు జరిగి, రెండో పక్క ఖాళీ ఉంచి కూర్చుంది.