అయిదు లీటర్ల జలపాతం

రాత్రి అడవిలో నడిచి తెల్లారేసరికి జలపాతం చూడాలని ముంబై కామాఠీపురాలో మేముండే ఒంటిగదుల చాల్ నుంచి పన్నెండు మందిమి బయల్దేరితే, మా అత్త అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా పట్టుకొచ్చింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!

"జలపాతం కాడికి డబ్బా ఏంది అత్తమ్మా? నవ్వుతరు."

"నవ్వనీ. మీ మామకు తేవాలె."

మామ పడుచు వయసులో ఆ కొండల్లోనే కూలి పని చేశాడు. ముంబైకి నీళ్లు తెచ్చే పెద్ద పైపులు వేసినవాళ్లలో ఆయనొకడు. ఇప్పుడు మంచాన పడ్డాడు. వారం నుంచి అన్నం సరిగా ముట్టడం లేదు, నోట్లో నీళ్లు పోయబోతే మొహం తిప్పుకుంటున్నాడు. మొన్న మాత్రం "ఆ జంగల్ నీళ్లు ఒక్క గుక్క తాగితే సాలు" అన్నాడు. అత్త ఆ మాట పట్టుకుంది. మా ఆయన్ని మామ దగ్గర కూర్చోబెట్టి వచ్చాం.

కసారాలో లోకల్ రైలు దిగాక టార్చి పట్టుకుని ఆ ఊరి మనిషి ముందు నడిచాడు. మేం ఒకరి భుజం ఒకరం పట్టుకుని వెనక నడిచాం. వాన వెలిసింది. కప్పల అరుపులు తప్ప ఏ చప్పుడూ లేదు. మా పక్కనే ఉన్న నాగ్‌పాడా రోడ్డు హారన్ల మధ్య పెరిగిన మాకు అంత నిశ్శబ్దం కొత్త. నాకైతే హాయిగా అనిపించింది.

ఉన్నట్టుండి అత్త ఆగి, "నీళ్లొచ్చినయ్!" అని కేక పెట్టింది.

మా చాల్‌లో తెల్లవారుజామున నల్లా మొదలవగానే ముందు విన్నవాళ్లు వేసే కేక అది. పక్కింటి వదిన అలవాటుగా బిందె కోసం చీకట్లో చెయ్యి చాచింది కూడా. అందరం పడీపడీ నవ్వాం. నిజంగానే దూరంగా, సన్నగా, నీళ్ల హోరు వినిపిస్తోంది. మాలో ఎవరికీ వినపడనిది ఆమెకు వినపడింది.

తెల్లారే వేళకు చేరాం. కొండ మీంచి నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. అందరూ ఫోన్లు తీశారు. అత్త మాత్రం తలెత్తలేదు, వంగి డబ్బా నింపుతోంది.

"అరె, ఒక్కసారి చూడు అత్తమ్మా!"

"ముందు నిండనీయే. చూసుడు తర్వాత."

నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం నడిచొచ్చింది ఇందుకా? కానీ తిరుగు దారిలో ఆమె మోకాలు పట్టేస్తే డబ్బా నేనే మోశాను. రైల్లో సీటు కింద దాన్ని అడ్డంగా తోసి నిద్రపోయాను.

మేం దిగాల్సిన భాయ్‌ఖలా స్టేషన్‌లో లేచి చూస్తే సీటు కింద తడి. మూత సరిగా బిగించలేదు. డబ్బాలో చుక్క లేదు. అత్త ఇంకా కళ్లు నులుముకుంటోంది. ఆమె చూడకముందే డబ్బా నేనే అందుకున్నాను. చాల్‌కి చేరాక ఆమె ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే, నేను కింద నల్లా దగ్గరి పీపాలోంచి డబ్బా నింపేశాను.

అత్త తన చేత్తోనే గ్లాసులో పోసి మామ తల పైకెత్తింది. నేను తేలు కుట్టిన దొంగలా తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన ఒక గుక్క తాగాడు. ఆగాడు. నా వైపు చూశాడు.

"ఇవి మన నల్లా నీళ్లు."

అత్త గిర్రున నా వైపు తిరిగింది. నాకు ఏడుపొచ్చేసింది. "మూత ఊడింది మామా, నాదే తప్పు" అన్నాను.

"ఏడుస్తవేందే పిచ్చిదానా? ఇవి గూడ ఆ కొండలకెల్లే వస్తయ్. పైపు మోసినోణ్ణి, నాకెర్క లేదా?" అని గ్లాసు మొత్తం తాగేసి అత్త ముందుకు చాచాడు. "ఇంకింత పొయ్యి. ఆ పిల్లకు గూడ ఇయ్యి, రాత్రంత నడిచొచ్చింది."