పది నల్ల పట్టీలు

పోయిన శ్రావణమాసంలో మా ఊళ్ళో తుఫాను విన్యాసాలు జరిగినప్పుడు, చచ్చిపోవడానికి పదిమందిని పోగుచేసే పని నా మీద పడింది. పడింది అంటున్నాను గానీ నిజానికి నేనే ఎగబడి తెచ్చుకున్నాను.

విన్యాసాలంటే మరేం లేదు. సైన్యం, పోలీసులు, రెవెన్యూవాళ్ళు, డాక్టర్లు అందరూ కలిసి ఒక పూట ఉత్తుత్తి తుఫాను నడుపుతారు. ఊరు మునిగినట్టు, జనం డాబాల మీద చిక్కుకున్నట్టు, జవాన్లు రబ్బరు పడవల్లో వచ్చి వాళ్ళని దింపి తీసుకెళ్ళినట్టు. నిజంగా వచ్చినప్పుడు తడబడకుండా ఉండడానికట. కాట్రేనికోన దాటాక సముద్రం వైపు ఉంటుంది మా ఊరు. ఊరికీ మా పేటకీ మధ్య ఒక పంటకాలువ. నేను పేటలో పుట్టి ఊరి హైస్కూల్లో పాఠాలు చెబుతున్నదాన్ని కాబట్టి, కాలువకి రెండు పక్కలా మాట చెల్లుతుందని నన్ను పిలిచారు. మెడలో వేలాడే కార్డు ఇచ్చారు, చేతికి మైకు ఇస్తామన్నారు, పెద్దాఫీసరు వెనక వరసలో కుర్చీ అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో పంతులమ్మని. ఆ కుర్చీ మీద ఆశ పడ్డాను, ఒప్పుకుంటాను.

జనానికి చేతికి రంగు పట్టీలు కడతారు. ఆకుపచ్చ అంటే క్షేమంగా పడవ ఎక్కేవాళ్ళు, పసుపు అంటే చిన్న దెబ్బలు, ఎరుపు అంటే ప్రాణాపాయం, నలుపు అంటే పోయినట్టు. ఆకుపచ్చ పట్టీలకి ఊళ్ళో కొట్టుకున్నారు. నల్లవి మిగిలిపోయాయి.

"ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోడం లేదండి మేడంగారు," అన్నారు ఏర్పాట్లు చూసే రెవెన్యూ ఉద్యోగి, ఎంతో మర్యాదగా. "శ్రావణమాసం, పసుపు కుంకాలతో ఉన్నోళ్ళం, ఉత్తుత్తికైనా శవంలా ఎలా పడుకుంటామండి అంటున్నారు. మీ పేటలో అయితే ఇలాంటి పట్టింపులుండవు కదండి."

పట్టింపులుండవా? నిద్రలో పిల్లలు చేతులు గుండెల మీద పెట్టుకుంటే, శవాన్ని పడుకోబెట్టినట్టుందని మా అమ్మ తీసి పక్కన పెడుతుంది. ఆ మాట అతని మొహాన కొట్టాల్సింది. "ఆయ్, నేను చూసుకుంటానండి," అన్నాను. చెంప మీద కొట్టినా ముందు ఆయ్ అనేసి, ఇంటికెళ్ళాక కుమిలిపోయే జాతి మాది.

ఆ సాయంత్రం అమ్మ నా దగ్గరకొచ్చి కూర్చుంది. ఆవిడ నన్ను ఏదీ అడగదు. ఆ రోజు అడిగింది.

"అమ్మాయ్, పడవలోకి ఎక్కించేవోళ్ళల్లో నా పేరు రాయవే."

నేను పుట్టకముందు వచ్చిన తుఫానులో, అమ్మ ఏడాది పిల్లాణ్ణి చంకనేసుకుని, కొబ్బరిచెట్టుని వాటేసుకుని, మెడలోతు నీళ్ళలో నిలబడింది. పడవ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ డాబా మీదున్న ఊరివాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మూడోసారి రాలేదు. నీళ్ళు తీశాక అమ్మ నడుచుకుంటూ వచ్చింది. అప్పటికి పిల్లాడు లేడు. ఇదంతా మా పెద్దమ్మ చెబితే తెలిసిందే గానీ అమ్మ ఎప్పుడూ నోరు విప్పలేదు.

"ఉత్తుత్తిదైనా ఒక్కసారి ఎక్కాలనుందే. ఎవరైనా వచ్చి, రామ్మా అని చెయ్యిస్తే ఎలాగుంటదో చూద్దారని," అంది.

"రాస్తాలే అమ్మా," అన్నాను. రాశాను కూడా. ఆకుపచ్చ జాబితాలో చివరి పేరు ఆవిడదే.

పేటలో ఇల్లిల్లూ తిరిగి బతిమాలి పదిమందిని ఒప్పించాను. విన్యాసాల పొద్దున ఒకామె రాలేదు. కానిస్టేబులు ఉద్యోగం చేసే ఆవిడ కొడుకు వద్దన్నాడట. వాడు చేసిందే సరైన పని. పెద్దాఫీసరు బయల్దేరారని ఫోనొచ్చింది. "తొమ్మండుగురే ఉన్నారేంటండి మేడంగారు?" అని రెవెన్యూ ఉద్యోగి నా వంక చూశారు. ఒక్క మనిషిని చూసుకోలేకపోయానని అనిపించుకోవడం నాకు నచ్చలేదు. అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. ఆవిడ చేతికున్న ఆకుపచ్చ పట్టీ విప్పి నల్లది కట్టాను.

"ఇదేంటే?"

"ఇవాళ్టికి సర్దుకో అమ్మా. మళ్ళీసారి పడవ ఎక్కిస్తాను."

ఆవిడ లేచింది. వెళ్ళి స్కూలు ఆవరణలో టార్పాలిన్ మీద, మిగతా తొమ్మిదిమంది పక్కన పడుకుంది. పైన దుప్పటి కప్పారు.

పడవలు స్కూలు పక్కనున్న కాలువలో వచ్చాయి. ఆకుపచ్చ పట్టీల్లో ఖాళీ అయిన చోటు ఊళ్ళో పెద్ద రైతుగారి కోడలికిచ్చారు. ఆవిడ పట్టుచీరతో డాబా మెట్లు దిగుతుంటే ఇద్దరు జవాన్లు చెయ్యందించారు. ఫొటో సరిగా రాలేదని మళ్ళీ ఎక్కించి మళ్ళీ దింపారు. అంతలో హెలికాప్టరు కిందికొచ్చింది. ఆ గాలికి టార్పాలిన్ మీది దుప్పట్లన్నీ లేచిపోయాయి. తొమ్మిదిమంది కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. అమ్మ మాత్రం తల పక్కకి తిప్పి, కళ్ళు పెద్దవి చేసుకుని పడవనే చూస్తోంది.

పెద్దాఫీసరు నుదురు చిట్లించడం నాకు కనిపించింది. మైకు తీసుకున్నాను.

"పదో నంబరు శవం, కళ్ళు మూసుకోవాలండి. చచ్చినవాళ్ళు చూడరు."

జనం విరగబడి నవ్వారు. పెద్దాఫీసరూ నవ్వారు. నా మాటకి అంతమంది నవ్వడం అదే మొదలు. సంతోషం వేసింది, అబద్ధమెందుకు? అమ్మ కళ్ళు మూసుకుంది. కాలి మీద చీమలు పాకుతున్నా, మధ్యాహ్నం విజిల్ వేసేదాకా మళ్ళీ కదల్లేదు.

అయిపోయాక భోజనాలు. పట్టీ చూసి పొట్లం ఇస్తున్నారు. నల్ల పట్టీలవాళ్ళు వరస చివరికి వచ్చేసరికి పొట్లాలు పంచే అతను కాగితం తిరగేశాడు.

"నలుపుకి భోజనం రాయలేదండి. పోయినోళ్ళు కదా అని లెక్కలో వెయ్యలేదండి. ఏమనుకోకండి."

"పర్లేదండి," అన్నారు పేటవాళ్ళు ఒకరి తరవాత ఒకరు. పది నల్ల పట్టీలూ విప్పి అతని బల్ల మీద పెట్టి, కాలువ దాటి ఇళ్ళకెళ్ళిపోయారు. నేను పిలవలేదు. పిలిచి ఏం పెడతాను?

మెడలో కార్డున్నందుకు నాకు మాత్రం బిర్యానీ డబ్బా ఇచ్చారు. అది పట్టుకుని ఇంటికెళ్ళాను. అమ్మ అరుగు మీద కూర్చుని, చీమలు కుట్టి దద్దుర్లు లేచిన పాదాలకి కొబ్బరినూనె రాసుకుంటోంది. డబ్బా ఆవిడ ముందు పెట్టాను.

"తిను అమ్మా."

"నువ్వు తినవే," అంది. గొంతులో కోపం లేదు. "నిన్ను నువ్వు బతికినోళ్ళల్లో రాసుకున్నావుగా."

పొద్దుట్నించీ నేనేమీ తినలేదు. కడుపు కాలిపోతోంది. మూత తీసి, ఆవిడ ఎదురుగానే కూర్చుని తిన్నాను. ముక్క కూడా వదల్లేదు. అమ్మ లేచి, తాగడానికి నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది.