పీతల కూర వడ్డిస్తూ అడిగిన ప్రశ్న

మా దీవుల్లో బియ్యం, ఉల్లిపాయలు, సిమెంటు, మందులు అన్నీ ఓడ మీదే వస్తాయి. అందుకేనేమో, మంచిదేదైనా సముద్రం అవతలి మెయిన్‌లాండ్ నుంచే వస్తుందని మాకు గట్టి నమ్మకం. మనుషుల విషయంలోనూ అంతే. ఏళ్ల తరబడి మా బట్టలు కుడుతున్న టైలరు కన్నా నిన్న చెన్నై నుంచి దిగిన టైలరు మాకు గొప్ప. నేను పుట్టిందీ పెరిగిందీ ఓడరేవు పక్కనున్న హాడోలోనే, ఇక్కడి గవర్నమెంటు స్కూల్లోనే పాఠాలు చెబుతున్నాను, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

మా అమ్మాయి చిన్నప్పుడు ఫెరార్గంజ్ రోడ్డు మీద మా స్కూటర్ కంకరలో జారిపడింది. దాని ఎడమ బుగ్గ నుంచి నోటి చివర దాకా గాయం. కుట్లు వేశారు, మానింది. కానీ పిల్లతో పాటు మచ్చ పెరగలేదు. నవ్వితే పెదవి ఒక పక్కకి లాగేది. మాకు అదే దాని నవ్వు. తనకి మాత్రం కాదు. ఇప్పుడు పెద్దదై, టూరిస్టులకు బోటు టికెట్లు బుక్ చేసే ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. మొహానికి ఏమైందని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. షార్క్ కరిచిందని చెప్పేది. నమ్మేవాళ్లు కూడా.

ఒకరోజు ఇంటికొచ్చి, "షార్క్ కథ చెప్పీ చెప్పీ బోర్ అయిపోయింది మమ్మీ. ఇది ఆపరేషన్ చేయించేసుకుంటాను" అంది.

సరిగ్గా అప్పుడే మా తెలుగు చర్చిలో ఒక డాక్టరు గురించి చెప్పుకోవడం మొదలైంది. అప్పుడప్పుడు మెయిన్‌లాండ్ నుంచి విమానంలో వస్తాడు, మా ఊళ్లోని లంబాలైన్‌లో ఒక బ్యూటీ పార్లర్ పక్క గదిలో పేషెంట్లని చూస్తాడు, మళ్లీ విమానం ఎక్కేస్తాడు. బోర్డు మీద కాస్మెటిక్ సర్జన్ అని ఉంది. మా వాళ్లకి అది చాలు. ఆరాధనలో ఆయన కోసం ప్రార్థన చేశారు. వంతులు వేసుకుని ఇంటింటా భోజనాలు పెట్టారు. మా అమ్మాయి మచ్చ తీయడానికి సోమవారం పొద్దున్న రమ్మన్నాడు. ఆ ముందు రోజు మధ్యాహ్నం భోజనం వంతు మాది.

ఒకసారి అన్నం పెట్టాక మనిషిని ఇంకేమీ అడగకూడదు మా దగ్గర. అది మర్యాద కాదు. కానీ నా నోరు ఊరుకోదు. పీతల కూర వడ్డిస్తూనే అడిగాను.

"డాక్టరుగారూ, ప్లాస్టిక్ సర్జరీ మీరెక్కడ చదివారండీ?"

"చాలా చోట్ల ట్రైనింగ్ అయిందమ్మా."

"ట్రైనింగ్ సరేనండీ. డిగ్రీ?"

ఆయన పీత కాలు కొరకడం ఆపాడు. ఆయనతో పాటు భోజనానికి వచ్చి పక్కనే కూర్చున్న పాస్టరమ్మగారు నా మోచేతిని గిల్లారు. "ఏటి దీదీ, బోజనం కాడ ఈ గొడవేటి?"

"ఎంబీబీఎస్ తర్వాత కాస్మెటాలజీ కోర్సు చేశాను. మచ్చ తీయడం చిన్న పనమ్మా. అరగంట."

"మరి మీరు వెళ్లాక కుట్లు చీము పడితే?"

"పట్టదు."

"పడితే అండీ?"

"వచ్చే ట్రిప్పులో చూస్తాను."

ఆయన చెడ్డవాడని నేననను. క్రీములు, చిన్నా చితకా ఇంజెక్షన్లు బాగానే ఇస్తాడేమో. కానీ చుట్టూ సముద్రం పెట్టుకుని, కత్తి పెట్టిన మనిషి మళ్లీ విమానం ఎక్కి వచ్చేదాకా చీముతో కూర్చోవడం ఎలా? ఆయన కూర సగం వదిలేసి లేచాడు. పాస్టరమ్మగారు గుమ్మం దగ్గర, "అంత దూరం నుంచి వచ్చినోరిని అలా అడిగేస్తారేటి? రేపు ఆయన మళ్లీ వస్తాడా మనకోసం?" అని నన్ను కడిగేసి వెళ్లారు.

అమ్మాయి అంతకన్నా కోపంగా ఉంది. "నా మొహం బాగుపడటం నీకు ఇష్టం లేదు మమ్మీ. బస్, అంతే" అంది. ఆ మాట నాకు గుండెల్లో గుచ్చుకుంది. నేనూ గట్టిగానే అరిచాను.

సోమవారం పొద్దున్న తను తయారై, హెల్మెట్ పెట్టుకుని వరండాలో కూర్చుంది. పెద్దపిల్ల, దాని మొహం, ఆపే హక్కు నాకు లేదని తెలుసు. వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. తను ఎంతసేపటికీ లేవకుండా ఫోన్లో ఏదో చూస్తోంది. చివరికి వంటింట్లోకి వచ్చింది.

"మెడికల్ కౌన్సిల్ సైట్‌లో ఈయన పేరు వెతికాను. పేరుంది. ఖాళీ ఎంబీబీఎస్ అనే ఉంది మమ్మీ. సర్జరీ ఏదీ లేదు."

హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజు నుంచి వెతకడం తన పని అయింది. జనరల్ సర్జరీ చదివి, దాని పైన ప్లాస్టిక్ సర్జరీ విడిగా చదివినవాళ్లెవరో చూసింది. ఆసుపత్రులకు తనే ఫోన్లు చేసింది. ఆపరేషన్ ఎక్కడ చేస్తారు, మత్తు ఎవరిస్తారు, నేను దీవిలో ఉంటాను, తర్వాత ఎవరు చూస్తారు అని అడిగింది. విసుక్కున్నవాళ్ల పేర్లు కొట్టేసింది. చివరికి వైజాగ్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర ఆగింది.

ఇద్దరం వైజాగ్ వెళ్లాం. ఆవిడ మొదట మా పిల్లని నవ్వమంది. తర్వాత ఏడుపు మొహం పెట్టమంది. బుగ్గ పట్టుకుని అటూ ఇటూ లాగి చూసింది. "మచ్చ పోదమ్మా. సన్నబడుతుంది. పెదవి లాగడం తగ్గుతుంది. మొదట కొన్నాళ్లు ఇప్పటికన్నా ఎర్రగా, అసహ్యంగా ఉంటుంది. ఏడాది ఆగాలి. ఆగలేకపోతే చేయించుకోవద్దు" అని చెప్పింది.

పనిలో పనిగా ముక్కు కూడా సన్నం చేస్తారా అని మా పిల్ల అడిగింది. ఆ ముక్కు వాళ్ల నాన్నది. డాక్టరమ్మ దాన్ని ఒకసారి, నన్నొకసారి చూసి, "ముక్కుకి ఏ రోగమూ లేదు" అంది. నాకు ఆవిడ మీద అప్పుడే గురి కుదిరింది. అమ్మాయి మాత్రం, ఇలాంటి మచ్చలకి మీరు చేసినవాటిలో బాగా కుదరనివాటి ఫోటోలు కూడా చూపించండి అని అడిగింది. ఆవిడ దాచకుండా చూపించింది.

ఆపరేషన్ అయ్యాక కుట్లు తీసేదాకా వైజాగ్‌లోనే ఉన్నాం. వెనక్కి వచ్చేటప్పుడు మా పెద్దాసుపత్రిలోని సర్జన్‌తో ఆవిడే ఫోన్‌లో మాట్లాడి పెట్టింది.

ఇంటికొచ్చిన కొన్ని వారాలకు బుగ్గ మీద గీత ఎర్రగా ఉబ్బింది. పాత మచ్చే నయమనిపించింది నాకు. పొద్దున్నే తను మొహం కడుక్కుని వస్తుంటే చూసి ఆగలేకపోయాను. "ఎంత పని చేశామే. ఇంతకన్నా ఘోరం అయిపోయింది" అని మంచం మీద కూలబడ్డాను.

తను తువ్వాలుతో మెల్లగా బుగ్గ అద్దుకుంటూ నా పక్కన కూర్చుంది.

"ఇలాగే ఉంటుందని ఆవిడ మొదటి రోజే చెప్పింది కదా మమ్మీ. నువ్వు వినలేదు, నేను విన్నాను. నాకు భయం లేదు" అని నా చేతులు పట్టుకుంది.